రెండు పల్లేర్లు

మనోజ్ఞ ఫోన్ చేసేనాటికి, ఒక మొక్క దగ్గర వంగి చూడాలన్న కోరిక అరుణకుమారిలో చచ్చి చాలాకాలమైంది. ఇరవై ఆరేళ్లు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పింది. నిజానికి ఆమె చెప్పింది మొక్కల గురించి కాదు, ప్రశ్నల గురించి. ఏ పాఠంలోంచి ఎన్ని బిట్లు వస్తాయి, నాలుగు జవాబుల్లో తప్పువి మూడూ ఎలా ఏరిపారెయ్యాలి, ఇదే. పొద్దున ఏడింటికి మొయినాబాద్‌లో బస్సెక్కితే దిగేసరికి సాయంత్రం ఏడయ్యేది. గొంతు బొంగురుపోయింది. మోకాళ్లు అరిగిపోయాయి. కిందటేడు కాలేజీవాళ్లు పిలిచి, మేడమ్ మీరిక విశ్రాంతి తీసుకోండి అన్నప్పుడు ఆమెకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. తిన్నగా ఇంటికొచ్చి పడుకుంది.

భర్త ఈశ్వరప్రసాద్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భీమవరం దగ్గర ఊరు వదిలి తొంభై మూడులో ఇటు వచ్చారు. మొయినాబాద్‌లో మేడ కట్టుకున్నారు. కూతురు తన్వి బెంగళూరులో పనిచేస్తోంది. ఇంట్లో చేసే పని ఇద్దరికి సరిపడా వంట. అది కూడా ఒక్కోరోజు అరుణకుమారికి కొండంత అనిపించేది.

మనోజ్ఞ ఆమె దగ్గర చదువుకున్న పిల్ల. చేవెళ్ల వాళ్లది. అరుణకుమారి పాఠం చెప్పిన వేలమందిలో మొక్కల పనిలోనే ఉండిపోయింది ఆ ఒక్కతే. ఇప్పుడు ముప్పై దాటింది. ఎక్కడైనా లేఅవుట్లూ రోడ్లూ వేసేముందు ఆ నేలమీద ఏమేం మొలుస్తున్నాయో లెక్కరాసి ఇచ్చే ఒక కంపెనీలో ఉద్యోగం. ఫోన్‌లో చెప్పిన సంగతి ఇది. మోకిలకీ దొంతన్‌పల్లికీ మధ్య ముప్పై ఎనిమిది ఎకరాల బీడులో ఇళ్లు కడుతున్నారు. కట్టేవాళ్లు ఒక్క ఎకరం మాత్రం ముట్టుకోకుండా బీడుగానే వదిలేస్తామని ఒప్పుకున్నారు. ఆ ఎకరం ఏ మూలన ఉండాలన్నది మొక్కల సర్వే చూసి తేల్చాలి. సర్వే మనోజ్ఞ చేసింది. దాన్ని ఆ రంగంలో పెద్దవాళ్లెవరైనా నేలమీదికొచ్చి చూసి, సరేనని సంతకం పెట్టాలి.

"మీ థీసిస్సే ఆధారంగ పెట్టుకొని రాసిన మేడమ్. మీరు రాకపోతే ఎట్ల?" అంది మనోజ్ఞ.

ఆ థీసిస్ సంగతి అరుణకుమారే మరిచిపోయింది. తొంభై ఆరులో రాసింది. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల మెట్టనేలల్లో మొలిచే మొక్కల మీద. అందులో నూట నలభై పేజీలున్నా లోకం వాడుకున్నది ఒక్క పేజీని. ఈ ప్రాంతంలో పల్లేరు రెండు రకాలుగా కనబడుతుంది గాని అవి రెండు జాతులు కావు, ఒకటే జాతి, నేలనిబట్టి రూపు మారుతోంది అని ఆమె తేల్చిన పేజీ అది. ఆ తర్వాత ఇక్కడి మొక్కల జాబితా ఎవరు రాసినా, పల్లేరు దగ్గర ఒక్క పేరే రాసి పక్కన ఆమె పేరు వేసేవారు.

జూలైలో ఒక బుధవారం పొద్దున ఇద్దరూ ఆ బీడులో దిగారు. అప్పటికి రెండు వానలు పడ్డాయి. పల్లేరు ఎక్కడ చూసినా పూసి ఉంది. చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకు ఆ మొక్కను పరిచయం చెయ్యక్కర్లేదు. నేలకు కరుచుకుని నాలుగువైపులా పాకే తీగ, చింతాకులాంటి ఆకు, ఐదు రేకుల పసుపు పువ్వు, ఆ పువ్వు పోయాక అరికాల్లో దిగే ముళ్లకాయ. ఎడారి ఇసుకలో బతకగల మొక్కకు ఈ గరుసునేల ఒక లెక్క కాదు.

పల్లపు మూలన, కాలువ పక్కన ఉన్నదంతా మామూలు పల్లేరు. పువ్వు చొక్కాగుండీ అంత. ఆకు పచ్చగా నున్నగా ఉంది. కట్టేవాళ్లు వదిలేస్తామంటున్న ఎకరం అదే. ఎదురుగా, తూర్పు మూలన చిన్న రాతిమిట్ట ఉంది. దానిమీద క్లబ్‌హౌస్ రావాలి. ఆ మిట్టమీది పల్లేరు వేరుగా ఉంది. పువ్వు రూపాయి బిళ్లకన్నా పెద్దది. తీగా ఆకూ కాయా అన్నిటికీ తెల్లటి నూగు. దూరంనుంచి చూస్తే మొక్కమీద బూడిద చల్లినట్టుంది.

మనోజ్ఞ నడుస్తూనే తను రాసింది అప్పజెప్పింది. రాతినేల, ఎండ ఎక్కువ, తేమ నిలవదు, అందుకే మొక్క తన్ను తాను కాపాడుకోడానికి నూగు పెంచుకుంటుంది, జాతి ఒకటే కనక ఏ మూలన ఎకరం వదిలినా ఒకటే. అన్నీ అరుణకుమారి వాక్యాలే. తన వాక్యాలు ఇంకొకరి నోట వినడం ఆమెకు వింతగా ఉంది.

మిట్ట మధ్యలో ఒక బండ ఉంది. దాని నెర్రెలో చారెడు మట్టి చేరింది. ఆ చారెడు మట్టిలో రెండు పల్లేరు మొక్కలు, జానెడు దూరంలో. ఒకటి చిన్న పువ్వుది, నున్నటిది. రెండోది పెద్ద పువ్వుది, నూగుది. మేకల కాళ్లకంటుకునో, ఎవరి చెప్పుకంటుకునో పల్లంలోని కాయ ఒకటి పైకొచ్చి మొలిచినట్టుంది. రెంటికీ ఒకే మట్టి, ఒకే నీళ్లు, ఒకే ఎండ. అయినా దేని రూపు దానిదే.

అరుణకుమారి చూసింది. నేల మారితే రూపు మారుతుందని రాసిన మనిషికి నేల మారకుండానే మారిన రూపు కళ్లెదుట ఉంది. వంగి చూడాలి. మోకాలు వంగలేదు. ఒక్క చోట చూసి ఏం చెబుతాం అనుకుంది. ఇప్పుడు కాదంటే సర్వే మళ్లీ చెయ్యాలి, థీసిస్ తిరగదోడాలి, ఎవరెవరికో ఉత్తరాలు రాయాలి. తలుచుకుంటేనే నీరసం వచ్చింది. మనోజ్ఞ ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది. అరుణకుమారి కారు దగ్గరికి నడిచి, బానెట్ మీద కాగితాలు పరచుకుని సంతకం పెట్టింది.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. మర్నాడు మధ్యాహ్నం అటకమీది పెట్టె దింపమని ఈశ్వరప్రసాద్‌ని అడిగింది. ఆయన ఎందుకని అడక్కుండా దింపాడు. అందులో ఆమె పాత నోటుపుస్తకాలున్నాయి, బీళ్లలో తిరుగుతూ పెన్సిల్‌తో రాసుకున్నవి. తొంభై ఆరు ఆగస్టు పేజీల్లో ఒకచోట ఇలా ఉంది: "కృష్ణమ్మ (మేకలు కాస్తుంది) రెండూ వేరు అంటోంది. ఒకే మట్టిలో విత్తి చూడాలి." ఆ కింద ఏమీ లేదు. పక్క పేజీలోనూ లేదు.

అప్పుడు ఆమెకు ఆరో నెల. తన్వి కడుపులో ఉంది. కాన్పుకు పుట్టింటికి వెళ్లేలోగా థీసిస్ ఇచ్చెయ్యాలని గైడు తొందరపెట్టాడు. విత్తి చూడ్డానికి ఒక వానకాలం పడుతుంది. ఆ వానకాలం ఆమె దగ్గర లేదు. ఆయాసంతో, కాళ్ల వాపుతో ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ పేజీ రాసేసింది. బాగా రాసింది కూడా. అందుకే ఎవరూ అనుమానించలేదు.

కృష్ణమ్మను వెతకడానికి రెండు రోజులు పట్టింది. మేకలు ఎప్పుడో పోయాయి, మేపే బీళ్లూ పోయాయి. అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో తోటపని చేస్తోందని తెలిసింది. అరుణకుమారి ఆటోలో వెళ్లేసరికి గేటు తీసి ఉంది. లాన్ మధ్యలో ఒక ముసలమ్మ గొంతుకూర్చుని కొడవలి మొనతో కలుపు తీస్తోంది. పక్కన కుప్పలో ఉన్నది సగానికి పైగా పల్లేరే.

"ఎవలు కావాలె మేడం? సారోళ్లు లేరు. ఐతారం వస్తరు," అంది తలెత్తకుండానే.

అరుణకుమారి తన పేరు చెప్పింది, మోకిల బీడు, పుస్తకం, గొడుగు, కడుపుతో ఉన్న ఆంధ్రా పిల్ల అని గుర్తులు చెప్పింది. కృష్ణమ్మ కాసేపు చూసి, ఎండల తిరుగొద్దంటే వినకపోయేదానివి, ఆ అరుణవు నువ్వేనా అంది. బిడ్డ పుట్టిందా అని అడిగింది. పుట్టిందనీ, ఇరవయ్యారేళ్లదనీ తెలిశాక నవ్వింది. తన ముచ్చట కూడా చెప్పింది. పెనిమిటి లేడు, కొడుకు శంకర్‌పల్లిలో ఆటో నడుపుతాడు, ఇక్కడ పొద్దంతా వంగి వంగి నడుము పడిపోతోంది.

అరుణకుమారి సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. ఆ పొద్దున ఆటోడ్రైవర్ చేత మిట్టమీద తుంచించుకొచ్చిన రెండు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. అవి చేతిలో పెట్టి, ఇవి రెండూ ఒకటేనా వేరా అని అడిగింది.

కృష్ణమ్మ కళ్లు మూసుకుంది. ఒక్కొక్క కొమ్మనూ చెంపకు రాసుకుంది. తర్వాత నూగుకొమ్మను పైకెత్తింది.

"ఇది కుక్కపిల్ల చెవి లెక్కుంటది. చీకట్ల పట్టుకున్నా తెలుస్తది. మేకలు దీన్ని జరంత నమిలి ఇడిచిపెడ్తయి, నూగు గొంతుకు పడ్తది. ఇంకొకటి ఎంతున్నా తింటయి. ఇది రెండో వాన దాంక పువ్వు పుయ్యదు. అది మొదటి వానకే పూస్తది." అని, కొమ్మలు తిరిగి ఇచ్చేస్తూ అడిగింది. "రెండు ఒక్కటే అని ఎవలన్నరు?"

"నేనే అన్నాను, అక్కా. పుస్తకంలో రాశాను. నువ్వు అప్పుడే వేరని చెప్పావు. అయినా రాశాను."

కృష్ణమ్మ కొడవలి మట్టి దులిపింది. "నేను చెప్పిన్నా? నాకు యాదికి లేదు. చెప్పినా గాని, మేకలోళ్ల మాట సదువుకున్నోళ్లు రాసుకుంటరని నేననుకోలే చెల్లె," అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. వాన పడింది, పడలేదు అన్నంత మామూలుగా అంది. అరుణకుమారికి అదే ఎక్కువ తగిలింది. తిట్టినా బాగుండేది.

మరుసటి రోజు చేవెళ్ల వెళ్లింది. మనోజ్ఞ ఇంటి ముందు అరుగుమీద కూర్చుని నోటుపుస్తకం తెరిచి చూపించింది. తప్పు తనదేనని, సంతకం వెనక్కి తీసుకుంటానని చెప్పింది. రిపోర్టు శుక్రవారమే వెళ్లిపోయింది అంది మనోజ్ఞ. పుస్తకంలోని ఆ రెండు లైన్లూ చాలాసేపు చూసింది. ఆమె కోపం వచ్చినప్పుడు గొంతు పెంచే మనిషి కాదు, ఇంకా తగ్గిస్తుంది.

"ఆ బండ మీద రెండు పక్కపక్కన ఉన్నయి కద మేడమ్. నేను గూడ చూసిన. మీరు రాకముందే చూసిన. వారం రోజులు నిద్ర పట్టలే. మీరొచ్చి చూస్తరు, తప్పయితే తప్పని చెప్తరు అనుకున్న. అందుకే మిమ్మల్ని ఆ బండ దిక్కు తీస్కపోయిన. మీరు చూసిన్రు, ఏం అనలే. అంటే నా కండ్లే తప్పనుకున్న."

అరుణకుమారి నోటుపుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"నేను చూసింది నమ్మాల్నా, మీరు రాసింది నమ్మాల్నా? మీరే చెప్పుండ్రి," అంది మనోజ్ఞ.

లోపల్నుంచి మనోజ్ఞ తల్లి చాయ్ తెచ్చింది. ఇద్దరూ గ్లాసులందుకున్నారు. చల్లారేదాకా పట్టుకుని, చల్లారాక తాగారు. చివరికి అరుణకుమారి, నేను ఆ రోజు చూసి కూడా ఊరుకున్నాను, అలిసిపోయి ఊరుకున్నాను, అంతకు మించి కారణం లేదు అని చెప్పింది. దానికి మనోజ్ఞ తలూపింది. క్షమించినట్టు కాదు, విన్నట్టు.

తర్వాత పని మాత్రం ఇద్దరూ కలిసే చేశారు. అరుణకుమారి కంపెనీకి ఉత్తరం రాసింది. నా పాత నిర్ణయం పరీక్ష చెయ్యకుండా రాసినది, దానిమీద ఆధారపడొద్దు అని. మనోజ్ఞ రిపోర్టులో ఆ పేజీ మార్చి మళ్లీ పంపింది. వారం తర్వాత మనోజ్ఞ పై అధికారి, ఫొటోలూ ఉత్తరాలూ చాలవు, రెండూ వేరని పెంచి చూపిస్తే అప్పుడు చూద్దాం అన్నాడు. పెంచి చూపించాలంటే వానకాలం అయిపోవాలి. కట్టేవాళ్లు ఆగస్టులోనే నేల చదును మొదలుపెడుతున్నారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మూడు పొద్దులు వాళ్లిద్దరూ ఆ మిట్టమీదా, పల్లంలోనూ కాయలు ఏరారు. కొత్త కాయలు ఆ ఏడే మొలవడం అరుదు కనక, కిందటేడువి, ఎండి నల్లబడి మట్టిలో దాగినవి వెతికారు. వంగలేక అరుణకుమారి చిన్న పీట తెచ్చుకుని దానిమీద కూర్చుని, జరుగుతూ ఏరింది. వేళ్లు చిల్లులు పడ్డాయి. రెండో రోజు కృష్ణమ్మ కూడా వచ్చింది, తోటపనికి ఒకపూట సెలవు పెట్టి. ఆమె ఏరడం వేరు. ఎండిన కాయను వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, ఇది అది, ఇది ఇది అని రెండు డబ్బాల్లో వేసేది. మనోజ్ఞ కళ్లద్దాలు పెట్టి చూసి సరిపోల్చుకునేది. నూరు కాయల్లో కృష్ణమ్మ తప్పు చెప్పింది రెండే.

మేడమీద ఇరవై కుండీలు పెట్టారు. అన్నిట్లో ఒకే ఎర్రమట్టి, ఒకే పేడ ఎరువు, రోజూ ఒకే చెంబుతో నీళ్లు. పది కుండీల్లో పల్లపు కాయలు, పది కుండీల్లో మిట్ట కాయలు. పక్కింటావిడ మేడమీదికొచ్చి చూసి, అదేమిటండీ, ఇంట్లో పల్లేర్లు మొలవాలని ఎవరైనా తిట్టుకుంటారుగాని కావాలని పెంచుకుంటారా అంది. ఈశ్వరప్రసాద్ నవ్వి ఊరుకున్నాడు. అరుణకుమారి లేవలేని రోజుల్లో ఆయనే చెంబు పట్టుకుని మెట్లెక్కేవాడు. ఏ కుండీకి ఎన్ని నీళ్లు పోశాడో కాగితం మీద రాసి ఉంచేవాడు.

పదిహేను రోజులు ఏమీ మొలవలేదు. తర్వాత ఒకటి, రెండు. ఎనభై కాయలు విత్తితే పంతొమ్మిది మొలకలొచ్చాయి. అందులో మూడు చీమలపాలయ్యాయి. ఒకటి కారణం లేకుండా ఎండిపోయింది. మొలకలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అరుణకుమారి రోజూ పొద్దున్నే మెట్లెక్కి చూసేది, రోజూ ఏమీ తేలేది కాదు. ఒక రాత్రంతా వాన కురిశాక పొద్దున్న, బహుశా నా పేజీయే కరెక్టేమో అని కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు కాస్త ఊరట కలిగింది. ఆ ఊరటకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆగస్టు ఇరవై దాటాక ఒకరోజు ఏదో పనిమీద శంకర్‌పల్లి వెళ్తూ మోకిల దాటుతుంటే, కారులోంచి చూసింది. మిట్ట లేదు. రెండు యంత్రాలు బండలు పగలగొడుతున్నాయి. మిట్ట ఉన్నచోట ఎర్రటి చదునైన నేల, మూలన జెండా కట్టిన కర్ర. ఈశ్వరప్రసాద్ కారు ఆపనా అని అడిగాడు. వద్దంది. ఆపి చేసేదేముంది.

సెప్టెంబరు రెండో వారంలో కుండీలు పూశాయి. ముందు పూసినవి పల్లపువి. గుండీ అంత పువ్వులు, నున్నటి ఆకులు. పది రోజుల తర్వాత మిట్టవి. మంచి మట్టి, రోజూ నీళ్లు, మేడమీద సగం నీడ, అయినా పువ్వులు రూపాయి బిళ్లకన్నా పెద్దవి. ఆకునిండా నూగు. కాయ కట్టాక ఆ కాయకీ నూగు. మిగిలిన పదిహేనింటిలో ఎనిమిది మిట్టవి, ఏడు పల్లపువి. ఒక్కటి కూడా అటుది ఇటు కాలేదు, ఇటుది అటు కాలేదు.

అరుణకుమారి స్కేలు తెచ్చి రేకులు కొలిచింది. నీళ్ల తొట్టి గట్టుమీద కూర్చుని కొలతలన్నీ రాసింది. తేలిపోయింది. సంతోషపడాలనిపించలేదు. ఇరవై ఏడేళ్లకింద నాలుగు కుండీలు పెట్టి ఉంటే అయిపోయే పని. కుండీలు కూడా అక్కర్లేదు, ఒక మనిషి చెప్పింది విని ఉంటే చాలు. ఈశ్వరప్రసాద్ పైకొచ్చి చూసి, అయితే రెండన్నమాట అన్నాడు. రెండే అంది.

కంపెనీకి ఫలితం పంపారు. ధన్యవాదాలు, నమోదు చేసుకున్నాం అని ఒక లైను జవాబొచ్చింది. అప్పటికి క్లబ్‌హౌస్ పునాదులు లేస్తున్నాయి. వదిలేసిన ఎకరం పల్లంలోనే ఉంది, చుట్టూ కంచెతో. మనోజ్ఞ మాత్రం ఆ చుట్టుపక్కల పది ఊళ్లలో తను అంతకుముందు చేసిన జాబితాలన్నీ తీసి, సెలవు రోజుల్లో తిరిగి, పల్లేరు దగ్గర మళ్లీ చూసి రాసింది. పెద్ద పువ్వుది ఇంకో మూడు చోట్ల దొరికింది. మూడూ రాతి మిట్టలే. ఒకటి ఇప్పటికే ప్లాట్లయింది.

అరుణకుమారి రెండు పేజీల సవరణ రాసి ఒక చిన్న పత్రికకు పంపింది. నా పాత అభిప్రాయం తప్పు అన్న మాటతోనే మొదలుపెట్టింది. మొదట గుర్తించినవారు అని కృష్ణమ్మ పేరు రాసింది, కళ్లు మూసుకుని చెంపతో చెప్పిన గుర్తు కూడా రాసింది. మార్చిలో అచ్చయింది. అచ్చులో కృష్ణమ్మ కాస్తా శ్రీ కృష్ణ అయింది. చెంప సంగతి, శాస్త్రీయంగా లేదని, తీసేశారు. పత్రిక పట్టుకుని అజీజ్‌నగర్ వెళ్లి చూపిస్తే, నన్ను మొగోన్ని చేసిన్రా అని కృష్ణమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కాగితం మడతపెట్టి జాకెట్లో దోపుకుంది.

మేడమీది నూగు పల్లేరు కాయలు రెండు డబ్బాలయ్యాయి. వాటిని ఏం చెయ్యాలన్నది ప్రశ్న. లాన్ల దగ్గర చల్లితే మళ్లీ కృష్ణమ్మే పీకాలి. చివరికి మనోజ్ఞ తన మేనమామ హన్మయ్యను అడిగింది. చేవెళ్ల దాటాక ఆయనకు మూడెకరాల చేను ఉంది. దాని చివర నాగలి దిగని రాతినేల కొంత ఉంది. హన్మయ్య నమ్మలేదు. పల్లేర్లు పీకేటోళ్లను చూసిన గాని విత్తేటోళ్లను చూడలే అన్నాడు. మూడుసార్లు చెప్పించుకుని, చేన్లకు రానియ్యకుండ్రి అని ఒక్క షరతు పెట్టి ఒప్పుకున్నాడు.

జూన్ మొదట్లో ముగ్గురు ఆడవాళ్లూ వెళ్లి విత్తారు. ఎక్కడ విత్తాలో కృష్ణమ్మ చూపించింది. నీళ్లు నిలిచేచోట వద్దు, మేకలు పోయే బాట వద్దు, పొద్దుటి ఎండ తగలాలె అని. మనోజ్ఞ గునపంతో నెర్రెలు గీకితే కృష్ణమ్మ కాయలు వేసి మట్టి కప్పింది. అరుణకుమారి పీటమీద కూర్చుని డబ్బా అందించింది. అంతకు మించి చేసే ఓపిక లేదు, వాళ్లూ అడగలేదు.

జూలై నెలాఖరుకు ఇరవై రెండు మొలిచాయని మనోజ్ఞ ఫోన్ చేసింది. ఆగస్టులో చూడబోయేసరికి పద్నాలుగున్నాయి. కొన్నిటిని ఏవో మేసిపోయాయి. మిగిలినవి పూశాయి. పొద్దున తొమ్మిదింటి ఎండకు పువ్వులన్నీ ఒకే దిక్కు తిరిగి ఉన్నాయి. అరుణకుమారి ఒక బండమీద కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంది. ఏదో గెలిచినట్టేమీ లేదు. మోకిల మిట్ట మోకిలలో లేదు. కానీ ఈ చేను చివర పద్నాలుగు మొక్కలున్నాయి, వాటికంటూ ఒక పేరుంది.

మనోజ్ఞ కాస్త అవతల నడుస్తూ ఆగింది. వంగి రెండు తుమ్మి మొక్కలు తుంచి తెచ్చింది. రెంటికీ తెల్లపూలు, గుత్తులుగా. తీసుకొచ్చి అరుణకుమారి చేతిలో పెట్టి, ఇవి రెండు ఒక్కటేనా మేడమ్ అని అడిగింది.

అరుణకుమారి వాటివైపు చూడలేదు. "ముందు నీకేం కనబడిందో చెప్పు," అంది.

మనోజ్ఞ ఆమె పక్కన బండమీద కూర్చుంది. ఒక ఆకు అంచు వేలితో తడిమి చూసి, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. కృష్ణమ్మ కూడా వచ్చి వింటూ నిలబడింది. మధ్యలో ఒకచోట కాదన్నట్టు తలాడించింది. మనోజ్ఞ ఆగి, మళ్లీ ఆకు చూసింది.